బోటు ఆపి చెకింగ్‌కి ఎక్కితే ఏం చెయ్యాలి? కృష్ణలో, సూర్యలంక సముద్రంలో సరదాగా తిరిగేవాళ్ళకి పూర్తి గైడ్

విజయవాడ, గుంటూరు వైపు సొంతంగా చిన్న బోటు కొనుక్కున్నవాళ్ళు, కయాక్ వేసేవాళ్ళు, నలుగురు కలిసి ఒక తెరచాప పడవ పెట్టుకున్నవాళ్ళు, వీళ్ళందరూ అడిగేది ఒకటే, "కోస్ట్ గార్డ్ వాళ్ళు ఆపుతారంటగా, ఏం అడుగుతారు, ఏం చూపించాలి, బోటు పట్టుకెళ్ళిపోతారా" అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ పెడుతున్నా.

ముందే ఒక మాట. చెకింగ్‌లో ఇబ్బంది పడేవాళ్ళ దగ్గర సామాను లేక కాదు, చాలాసార్లు అన్నీ ఉంటాయి. లైఫ్ జాకెట్లు కవర్ కూడా విప్పకుండా సీటు కింద ఉంటాయి, వాటి మీద కూల్ బాక్స్, దాని మీద బిర్యానీ గిన్నె. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటుంది, ప్రెషర్ చూపించే ముల్లు ఎరుపులో ఉంటుంది. "ఉంది సార్" అంటే చాలదు, అడిగిన నిమిషంలో తీసి చేతిలో పెట్టాలి, పెట్టింది పని చెయ్యాలి.

1. ఎక్కడ ఎవరు ఆపుతారు

ప్రకాశం బ్యారేజీ పైన, అంటే పున్నమి ఘాట్, భవానీ ఐలాండ్, పవిత్ర సంగమం దాకా ఉన్న నీళ్ళలో మిమ్మల్ని అడిగేది పోలీసులు, ఇరిగేషన్ వాళ్ళు, టూరిజం వాళ్ళు, బోటు కాగితాల విషయంలో ఏపీ మారిటైమ్ బోర్డు వాళ్ళు. ఇక్కడ కోస్ట్ గార్డ్ కనపడదు. 2017 నవంబర్ 12న పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు, అందుకే మనుషుల లెక్క, లైఫ్ జాకెట్ల విషయంలో ఇక్కడ అస్సలు బేరాలుండవు.

సూర్యలంక, నిజాంపట్నం, నాగాయలంక దిగువన మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటాక సంగతి వేరు. ఒడ్డుకి దగ్గర్లో మెరైన్ పోలీసులు, లోపలికి వెళ్ళేకొద్దీ కోస్ట్ గార్డ్. 1978 కోస్ట్ గార్డ్ చట్టం కింద ఏర్పడ్డ దళం అది, మన సముద్ర జలాల్లో పడవ ఆపి, ఎక్కి, వెతికే అధికారం వాళ్ళకుంది. వారెంట్ ఏదండీ అని సినిమా డైలాగులు వద్దు.

సూర్యలంకలో ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, అక్కడ మిసైల్ ఫైరింగులు జరుగుతాయి. ఫైరింగ్ ఉన్న రోజు ఆ ప్రాంతంలోకి పడవలు రానివ్వరు. బయల్దేరే ముందు రోజు సూర్యలంక మెరైన్ స్టేషన్‌లో కనుక్కోండి, రేవులో జాలర్లని అడిగినా చెప్తారు, వాళ్ళకి మనకన్నా ముందే తెలుస్తుంది.

ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. మీది వేట పడవ కాదు కాబట్టి ఆ నిషేధం మీకోసం పెట్టింది కాదు, కానీ ఆ 61 రోజుల్లో సముద్రంలో ఇంజిన్ చప్పుడు వినపడితే చాలు వచ్చి చూస్తారు. అప్పుడు బోటులో గాలాలు, బకెట్‌లో నాలుగు చేపలు ఉన్నాయనుకోండి, సరదాకి పట్టాం సార్ అని నమ్మించటం మీ వల్ల కాదు.

2. కాగితాలు

ఇంజిన్ ఉన్న బోటు నదిలో తిరగాలంటే 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ మూడూ చూస్తారు. సర్వే అంటే బోటు నీళ్ళలో తిరగటానికి పనికొస్తుంది, ఇంతమంది ఎక్కొచ్చు అని రాసిచ్చే కాగితం. దాంట్లో ఆరుగురని ఉంటే ఆరుగురే, ఒళ్ళో పిల్లాడు కూడా ఒక మనిషే.

"మాది సొంతానికే కదండీ, టికెట్లు అమ్మట్లేదు కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు" అని చాలామంది అంటారు. బోటు అమ్మిన డీలర్ కూడా అదే చెప్పుంటాడు. డీలర్ మాట నమ్మి దిగొద్దు, మారిటైమ్ బోర్డు ఆఫీసులో మీ బోటు పొడవు, ఇంజిన్ హార్స్‌పవర్ చెప్పి ఏం కావాలో కనుక్కుని, వాళ్ళు చెప్పింది కాగితం మీద తీసుకోండి.

పౌచ్‌లో ఉండాల్సినవి:

- రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్ కాగితాలు
- ఇంజిన్ కొన్న బిల్లు, దాని మీద సీరియల్ నంబర్ కనపడాలి
- బోటు నడిపేవాళ్ళ సర్టిఫికెట్
- అందరి ఆధార్, ఫారిన్ నుంచి వచ్చినవాళ్ళుంటే పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు
- వీహెచ్ఎఫ్ రేడియో (పడవల్లో మాట్లాడుకునే వైర్‌లెస్) ఉంటే దాని లైసెన్స్
- ఆ రోజు ఎక్కినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం, రెండు కాపీలు

నీళ్ళు పోని జిప్ పౌచ్ కొని అన్నీ దాంట్లో పెట్టి, స్టీరింగ్ దగ్గర చెయ్యి అందే చోట కట్టెయ్యండి. ఫోన్లో ఫోటోలున్నాయి సార్ అనటం కుదరదని కాదు గానీ, తడి చేత్తో స్క్రీన్ అన్‌లాక్ అవ్వదు, ఎండలో ఏం కనపడదు, ఈలోపు ఛార్జింగ్ అయిపోతుంది.

3. సేఫ్టీ సామాను, ఒక్కొక్కటీ ఎట్లా చూసుకోవాలి

*లైఫ్ జాకెట్లు.* ఎక్కువ తప్పులు ఇక్కడే, కాబట్టి కొంచెం సాగదీస్తా. మనిషికొకటి, సైజు సరిపోవాలి. జాకెట్ మీద న్యూటన్లలో ఒక నంబర్ ఉంటుంది. 50 అంటే ఈత బాగా వచ్చినవాడికి ఒడ్డు పక్కన ఆసరా, అంతకుమించి దేనికీ కాదు. 100 నది లాంటి నీళ్ళకి. 150 సముద్రానికి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిల్లో చాలా వాటి మీద ఏ నంబరూ ఉండదు, అవి స్విమ్మింగ్ పూల్ సామాను.

తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, రెండు భుజాల దగ్గరా పట్టుకుని వెనక నుంచి ఎవరన్నా పైకి లాగాలి. చెవుల దాకా వచ్చేసిందంటే సైజు తప్పు. పిల్లలకి కాళ్ళ మధ్య నుంచి వచ్చే స్ట్రాప్ ఉన్నవే తీసుకోండి, లేకపోతే నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలుద్ది, పిల్లాడు కిందకి జారతాడు. పెరుగుతాడులే అని రెండు సైజులు పెద్దది కొనటం స్కూల్ యూనిఫాంకి సరే.

గాలి నిండే రకం జాకెట్ అయితే లోపల చిన్న గ్యాస్ సిలిండర్ ఉంటుంది, అది మరలు వదులై ఊడిపోతుంటుంది, చేత్తో తిప్పి బిగించండి. సిలిండర్ మీదే దాని బరువు కొట్టి ఉంటుంది, వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి, తగ్గిందంటే గ్యాస్ పోయినట్టే, మార్చెయ్యండి.

*ఫైర్ ఎక్స్‌టింగ్విషర్.* ఐఎస్ఐ గుర్తున్నది, ముల్లు పచ్చలో ఉండాలి, పిన్ను తుప్పు పట్టకూడదు. డ్రై పౌడర్ రకం అయితే బోటు కుదుపుకి పొడి అడుగున గట్టిపడిపోతుంది, నెలకోసారి తలకిందులు చేసి ఆడించండి. ఇంజిన్ పక్కనే బిగించొద్దు, మంట వచ్చేదే అక్కడ, చెయ్యి ఎట్లా పెడతారు? రీఫిల్ చేసేవాళ్ళు ఆటోనగర్ వైపు దొరుకుతారు, చేయించాక తేదీ స్టిక్కర్ అంటించమని అడిగి మరీ అంటించుకోండి.

*లైట్లు.* ముందుకి తిరిగి నిలబడితే ఎడమ ఎరుపు, కుడి పచ్చ, వెనక తెలుపు. వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ బోటుకి ఎదురుగా నిలబడి బిగిస్తాడు, రెండూ తారుమారవుతాయి, చీకటి పడ్డాక ఎదురొచ్చేవాడు మీరు ఎటు పోతున్నారో తప్పుగా అనుకుంటాడు. చిన్న తెరచాప పడవ, ఏడు మీటర్ల లోపు అయితే, ఈ లైట్లు పెట్టే వీలు లేనప్పుడు టార్చి చేతిలో సిద్ధంగా పెట్టుకోవచ్చని అంతర్జాతీయ రూల్ ఉంది, కానీ ఆ టార్చి వెలగాలి మరి.

*చప్పుడు చేసేది.* పన్నెండు మీటర్ల లోపు బోటుకి గంట అక్కర్లేదు, గట్టిగా వినపడే విజిల్ గానీ హారన్ గానీ ఉండాలి. ప్రతి జాకెట్‌కీ ఒక విజిల్ కట్టెయ్యండి.

*ఫ్లేర్లు.* ఆపదలో ఉన్నామని మంటతో, పొగతో తెలియజేసేవి, సముద్రంలోకి వెళ్తేనే. రాత్రికి ఎర్ర హ్యాండ్ ఫ్లేర్, పగటికి ఆరెంజ్ పొగ. సాధారణంగా తయారైన దగ్గర్నుంచి మూడేళ్ళు, తేదీ దాని మీదే ఉంటుంది. విశాఖ, చెన్నైలో షిప్ చాండ్లర్ల దగ్గర, అంటే ఓడల సామాను అమ్మేవాళ్ళ దగ్గర, అడగండి. దీపావళి రాకెట్లు చాల్లే అనుకునే మహానుభావులున్నారు, పెట్రోల్ ట్యాంక్ ఉన్న పడవలో అవి పెట్టుకుని ఆఫీసర్‌కి చూపిస్తే ఆయన మొహం చూడాలి.

*మిగతావి.* లంగరు, దానికి సరిపడా తాడు, నీళ్ళు తోడే బకెట్, రెండు తెడ్లు, ఫస్ట్ ఎయిడ్, తాగే నీళ్ళు, ఇంజిన్ కిల్ కార్డ్ (నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు). ఇవి చెప్పాల్సిన పని లేదు.

*మాట్లాడే దారి.* ఒడ్డు నుంచి కొంచెం లోపలికి వెళ్తే మొబైల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. వీహెచ్ఎఫ్ ఉంటే 16వ ఛానల్. సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554, తీర పోలీసులు 1093, నదిలో 112. ఈ మూడూ పెయింట్‌తో డాష్‌బోర్డ్ మీద రాయించండి.

4. బోటులో ఉండకూడనివి

ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. అమెరికా నుంచి బావగారో తమ్ముడో ప్రేమగా గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ తెచ్చిస్తారు, సముద్రంలోకి వెళ్తావుగా దగ్గరుంచుకో అని. మన దేశంలో అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం శాటిలైట్ ఫోన్లు, ఇరిడియం మీద పనిచేసే ఇట్లాంటి పరికరాలు వాడటం, దగ్గర పెట్టుకోవటం నేరం. వీటి వల్ల ఎయిర్‌పోర్టుల్లోనే విదేశీయుల్ని పట్టుకున్న కేసులున్నాయి. సముద్రంలో దొరికితే అది సేఫ్టీ చెకింగ్‌గా మిగలదు, విచారణ అవుతుంది. మామూలు జీపీఎస్, అంటే సిగ్నల్ అందుకోవటమే తప్ప పంపలేనిది, దానికి ఇబ్బంది లేదు.

- డ్రోన్ వద్దు, ముఖ్యంగా సూర్యలంక దగ్గర
- క్యాన్లలో అవసరానికి మించి డీజిల్, పెట్రోల్ వద్దు, అమ్మకానికి తీసుకెళ్తున్నారని అనుమానం వస్తుంది
- మందు సీసాలు. నడిపేవాడు తాగలేదు సార్, మేమే తాగాం అనటం ఏమంత గొప్ప సమాధానం కాదు
- ఎవరిదో తెలీని సంచి, ఎవరో ఇచ్చి అవతల రేవులో ఇవ్వమన్న పార్సిల్

5. ముందు రోజు

మెరైన్ స్టేషన్‌కి గానీ, నదిలో అయితే ఘాట్ దగ్గర డ్యూటీ వాళ్ళకి గానీ ముందే చెప్పండి. బోటు పేరు, రంగు, ఎంతమంది, ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తారు. ఆ పేర్ల కాగితం రెండో కాపీ అక్కడ ఇవ్వండి. దీనికి ఖర్చు రూపాయి లేదు, నా లెక్కలో మొత్తం గైడ్‌లో ఎక్కువ ఉపయోగపడేది ఇదే, ఎందుకంటే ఆపినప్పుడు వాళ్ళు వైర్‌లెస్‌లో అడిగితే అవతల నుంచి "తెలుసు, పొద్దున చెప్పి వెళ్ళారు" అని వస్తే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

నదిలో వెళ్ళేవాళ్ళు వరద కూడా చూసుకోండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, రెండోది 5.69 లక్షలకి, మీరు మొదటిది వచ్చేదాకా ఆగితే చాలా ఆలస్యం. గేట్లు ఎత్తారని తెలిస్తే బోటు తియ్యకండి, ఉన్న బోటుని ఒకటికి రెండు తాళ్ళతో గట్టిగా కట్టండి. 2024 సెప్టెంబర్ 1న వరదలో బోట్లు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, ఆ తర్వాత ఈ బోటు ఎక్కడ కడతారు, దేనికి కడతారు అని అడిగితే చిరాకు పడొద్దు.

రాత్రికి ఒక రిహార్సల్ చెయ్యండి. ఇంట్లో ఒకళ్ళని ఆఫీసర్‌గా కూర్చోబెట్టి అడగమనండి. జాకెట్లు, ఎక్స్‌టింగ్విషర్, కాగితాలు, లైట్లు, విజిల్. ఏది తియ్యటానికి నిమిషం దాటిందో దాని చోటు మార్చండి.

6. వాళ్ళ బోటు మీ వైపు వస్తుంటే, వరసగా

1. స్పీడు తగ్గించండి, దిశ మార్చకండి. చూసి గబుక్కున పక్కకి తిప్పారంటే పారిపోతున్నారనే అనుకుంటారు.
2. ఇంజిన్ ఆపమని చెప్పేదాకా ఆపకండి, న్యూట్రల్ దగ్గర్లో ఉంచండి. అల ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది, ఇద్దరికీ దెబ్బే.
3. తెరచాప పడవ అయితే ముందు చాప దించండి, వాళ్ళు ఎక్కే చోట తాళ్ళు, బూమ్ (చాప అడుగున ఉండే కర్ర) ఊగకుండా చూడండి.
4. అందరూ జాకెట్లు వేసుకుని కూర్చోండి. అందరూ ఒకవైపుకి వచ్చి చూడటం మనకి అలవాటు, చిన్న బోటు ఒరిగిపోతుంది.
5. చేతులు కనపడేట్టు ఉంచండి. సంచుల్లో వెతకొద్దు, పౌచ్ పైనే ఉందిగా.
6. ఏ వైపు రమ్మంటారో అడగండి, ఆ వైపు ఫెండర్లు (బోట్లు రాసుకోకుండా మధ్యలో వేసే మెత్తలు) వెయ్యండి, లేకపోతే పాత స్కూటర్ టైర్లయినా సరే.
7. తాడు వాళ్ళు అడిగితేనే విసరండి. మీరు విసిరిన తాడు వాళ్ళ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఆ సాయంత్రం అక్కడే.
8. ఫోన్‌తో వీడియో మొదలుపెట్టకండి.

కోస్ట్ గార్డ్ వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, హిందీయే నడుస్తుంది. మీలో హిందీ బాగా వచ్చినవాళ్ళే మాట్లాడాలని ముందే అనుకోండి. ఒక్కళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి, ముఖ్యంగా అన్నీ తెలిసిన మావయ్య.

7. ఎక్కాక

మొదట ఎంతమంది, ఎక్కడ్నుంచి, ఎక్కడికి, ఎవరి బోటు, ఆయుధాలేమన్నా ఉన్నాయా అని అడుగుతారు. అడిగిందానికి జవాబు, అంతే. తర్వాత కాగితాలు, ఇంజిన్ నంబర్ పోల్చటం, జాకెట్ల లెక్క, మిగతా సామాను. లోపల క్యాబిన్ ఉంటే ఒక ఆఫీసర్‌తో మీరొక్కళ్ళే దిగండి. మెట్టు జారుతుంది, ఇక్కడ హ్యాచ్ తెరిచి ఉంది, పెట్రోల్ వాసన వస్తోంది లాంటివి వాళ్ళు అడక్కముందే చెప్పండి.

అందరూ అక్కడ తడబడేది పరిచయాల దగ్గర. "మా బాబాయి ఫలానా ఎమ్మెల్యే గారి దగ్గర" అని మొదలుపెట్టగానే అవతలివాళ్ళ మొహం మారుతుంది, అప్పటిదాకా పది నిమిషాల్లో అయ్యేది గంట అవుతుంది. డబ్బుల మాట అయితే అసలు ఎత్తొద్దు, అది వేరే కేసు.

లేనిదాన్ని లేదనండి. "ఇంట్లో ఉంది సార్" కన్నా "లేదు సార్, తప్పే, ఈ వారంలో కొంటాం" అన్నవాళ్ళని తేలిగ్గా వదిలిన సందర్భాలే ఎక్కువ చూశా.

8. రాసిస్తే

లోపం రాసి సంతకం పెట్టమంటే ముందు చదవండి, భాష అర్థం కాకపోతే అడగండి. తేదీ, టైము, మీరున్న చోటు, ఆఫీసర్ పేరు, ఏ యూనిట్ అన్నవి మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, కాపీ గానీ ఫోటో గానీ అడగండి. ఒడ్డుకి తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోండి, కనుమరుగయ్యాక మళ్ళీ తిరుగుదాం అనుకుంటే వాళ్ళకి బైనాక్యులర్లుంటాయి. లోపం సరిచేశాక బిల్లు, ఫోటో పట్టుకుని మీరే స్టేషన్‌కి వెళ్ళి చూపించి రండి, మళ్ళీసారి మీ బోటు గుర్తుంటుంది.

9. అమెరికాలో మనవాళ్ళకి

టెక్సాస్, న్యూజెర్సీ, సియాటిల్ వైపు మన గుంటూరు, బెజవాడ పిల్లలు బోట్లు కొంటున్నారు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా అడుగుతున్నారు కాబట్టి ఇదీ రాస్తున్నా. అక్కడ యూఎస్ కోస్ట్ గార్డ్‌కి వారెంట్, అనుమానం ఏదీ లేకుండానే బోటు ఎక్కే అధికారం ఫెడరల్ చట్టంలో ఉంది. ఎక్కగానే మొదటి ప్రశ్న ఆయుధాల గురించే. చెకింగ్ అయ్యాక సీజీ 4100 అనే రిపోర్ట్ కాపీ ఇస్తారు, దాన్ని బోటులోనే ఉంచుకోండి, మళ్ళీ ఆపితే చూపించొచ్చు.

అక్కడ దొరికిపోయే పాయింట్లు:

- పదహారు అడుగులు, ఆపైన బోటుకి జాకెట్లు కాక, విసిరే రకం తేలే సాధనం ఒకటి విడిగా ఉండాలి
- పదమూడేళ్ళ లోపు పిల్లలు బోటు నడుస్తున్నప్పుడు జాకెట్ వేసుకునే ఉండాలి, రాష్ట్రం రూల్ వేరేగా ఉంటే అది వర్తిస్తుంది
- రీఫిల్ చెయ్యలేని ఎక్స్‌టింగ్విషర్ తయారైన 12 ఏళ్ళకి పనికిరాదు, 2022 ఏప్రిల్ 20 నుంచి ఈ రూల్, సంవత్సరం సాధారణంగా సిలిండర్ అడుగున ఉంటుంది
- మంట ఫ్లేర్లకి తయారైన దగ్గర్నుంచి 42 నెలలే
- రిజిస్ట్రేషన్ నంబర్ ముందు వైపు రెండు పక్కలా, మూడు అంగుళాలకి తగ్గకుండా, బోటు రంగులో కలిసిపోకుండా ఉండాలి
- టాయిలెట్ ఉంటే ఒడ్డు నుంచి మూడు నాటికల్ మైళ్ళ లోపు శుద్ధి చెయ్యనిది బయటికి పోయే వాల్వ్ మూసి లాక్ చేసి ఉండాలి
- నడిపేవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దగ్గర కేసు

సీజన్ మొదట్లో కోస్ట్ గార్డ్ ఆక్జిలరీ వాలంటీర్లు ఫ్రీగా వెసెల్ సేఫ్టీ చెక్ చేస్తారు, ఇంటి డ్రైవ్‌వేలో ట్రెయిలర్ మీద ఉన్న బోటుకి కూడా. తప్పులుంటే ఫైన్ ఉండదు, ఎవరికీ రిపోర్ట్ చెయ్యరు, అన్నీ సరిగ్గా ఉంటే ఆ ఏడాది స్టిక్కర్ ఇస్తారు. స్టిక్కర్ ఉంది కదా అని ఆపకుండా ఉండరు, కానీ ఆపినప్పుడు ఏం అడుగుతారో అప్పటికే ఒకసారి చూసేసి ఉంటారు. బోటు కొన్న వారంలోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోమనండి, ఎండాకాలం వస్తే వాలంటీర్లు ఖాళీగా దొరకరు.